పెంగ్విన్ పాట అసలు రూపు

మెర్విన్ క్రాఫ్ దగ్గర కార్టూన్ అన్న మాట ఎత్తితే చాలు, ఒంటికాలి మీద లేస్తాడు.

లాస్ ఏంజలస్‌లో అతనికో రేడియో కార్యక్రమం ఉంది. ఆదివారం పొద్దున్నే, బుద్ధున్నవాడెవడూ పక్క మీంచి లేవని వేళ, పాత జాజ్ రికార్డులు వేసి వాటి గొప్పతనం చెబుతాడు. అందులోనూ బార్నబీ ఫ్లిక్ అనే ఆయన ఆరుగురితో కట్టిన బ్యాండంటే అతనికి ప్రాణం. వాళ్ళ ‘లిఫ్టులో పెంగ్విన్’ పాటంటే ప్రాణం కంటే ఎక్కువ. 1930ల నాటి సరుకు. క్లారినెట్ పరుగు పెడుతుంది, ట్రంపెట్ కాలుజారి పడుతుంది, డ్రమ్ములు వాటి వెంట పడతాయి.

ఖర్మ ఏమిటంటే, తర్వాత ఓ కార్టూన్ కంపెనీ ఆ పాట హక్కులు కొనుక్కుని, నక్క బాతుని తరిమినప్పుడల్లా దాన్నే వాడేసింది. దాంతో అమెరికాలో ముసలీ ముతకా అందరికీ పాట తెలుసు, ఫ్లిక్ పేరు మాత్రం ఒక్కడికీ తెలీదు. ఎవరు విన్నా “ఓ, నక్క పాటా” అని నవ్వుతారు. ఆ నవ్వు వింటే మెర్విన్‌కి కడుపు రగిలిపోతుంది. పుట్టి బుద్ధెరిగి ఒక్క కార్టూనూ చూళ్ళేదని గొప్పగా చెప్పుకుంటాడు. ఇంట్లో టీవీ కూడా ఉంచుకోలేదు.

చచ్చేలోగా ఆ పాటకంటిన బురద కడిగేసి, అసలు రూపంలో జనానికి వినిపించాలి. అతనికున్న కోరిక అదొక్కటే. దానికోసం ఆరుగురు వాద్యగాళ్ళని పోగేశాడు. హాలు మాట్లాడాడు. కచేరీని టేపు చేసి దేశమంతా అమ్ముతామని ఓ కంపెనీ ముందుకొచ్చింది కూడాను.

అప్పుడొచ్చింది ఫోను, వృద్ధాశ్రమం నుంచి.

“మా దగ్గర ఆర్లో అని ఓ తాతగారున్నారండీ. రేడియోలో మీ పెంగ్విన్ పాట వస్తే చాలు, ‘ఇందులో నేనూ వాయించాను’ అంటారు.”

ఫ్లిక్ బ్యాండులో వాళ్ళెవరూ బతికిలేరనే అనుకుంటున్నాడు మెర్విన్. తింటున్న టోస్టు అక్కడే పడేసి కారెక్కాడు.

ఆర్లో కిటికీ పక్కన కూచుని ఆకుపచ్చ జెల్లీ తింటున్నాడు. ఎనభై దాటినా చేతులు మాత్రం కమ్మరి చేతుల్లా ఉన్నాయి.

“గురువుగారూ, ఆ పాటలో మీరేం వాయించేవారు?”

“చేతికేది దొరికితే అది వాయించేవాణ్ణి బాబూ.”

మెర్విన్‌కి కళ్ళు చెమర్చాయి. అన్ని వాద్యాలూ వచ్చిన మనిషన్నమాట.

“మరి మీ పేరెక్కడా కనపడదేం?”

“మా పేర్లెవడు వేశాడు. పెద్దాయన పేరొక్కటే పడేది.”

నిజమే, రికార్డు మీద ఫ్లిక్ పేరు తప్ప ఇంకోటి లేదు. ఇంత కళాకారుణ్ణి జెల్లీ తింటూ కూచోబెట్టిన లోకం మీద మెర్విన్‌కి మహా కోపమొచ్చింది.

మర్నాటి నుంచి రిహార్సల్లో ఆర్లోకి మెత్తటి కుర్చీ పడింది. బ్యాండు వాయిస్తుంటే కళ్ళు మూసుకుని వింటాడు. ఉన్నట్టుండి చెయ్యెత్తుతాడు.

“ఇక్కడ ధనామని ఒకటి పడాలి.”

“డ్రమ్మా గురువుగారూ?”

“పెనం. ఇనప పెనం. అల్యూమినియం అయితే పీలగా ఉంటుంది.”

పెనం వచ్చింది.

“ఇక్కడ మీరంతా ఆగాలి. ఒక ఈల పైనుంచి కిందికి జారాలి. ఆ తర్వాత ధబ్.”

ఈలా వచ్చింది, ధబ్బూ వచ్చింది. ఎంత ముందుచూపని మెర్విన్ మురిసిపోయాడు.

పియానో వాయించే నోరీన్‌కి మాత్రం మింగుడు పడలేదు. “రికార్డులో ఈ వంటసామాను లేదు కదా మెర్విన్?”

“రికార్డులో పట్టేది మూడు నిమిషాలు. చోటు చాలక కోసేసి ఉంటారు.”

ఆమె పెద్దాయన వైపు తిరిగింది. “అంతేనా తాతా?”

“రికార్డు సంగతి నాకు తెలీదమ్మా. నేను వాయించింది నేను చెబుతున్నా.”

“నా చిన్నప్పుడు శనివారం పొద్దున టీవీలో అచ్చం ఇలాగే విన్నాను,” అంది నోరీన్ మళ్ళీ.

“వింటావు. దొంగ ఇంట్లో దొంగసొత్తు కాక ఇంకేం వినపడుతుంది,” అన్నాడు మెర్విన్. “ఆయన అందులో వాయించిన మనిషి. నువ్వు పాలగిన్నె ముందేసుకుని టీవీ చూసిన పిల్లవి. ఎవరి మాట వినమంటావ్?”

నోరీన్ మూతి తిప్పుకుని పియానో ముందు కూచుంది.

కచేరీ రోజు హాలు నిండింది. మెర్విన్ మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

“ఈ పాటని కార్టూన్లవాళ్ళు భ్రష్టు పట్టించారు. ఇవాళ అసలు రూపంలో వినబోతున్నారు. దయచేసి ఎవరూ నవ్వకండి.”

నవ్వొద్దన్నాక ఆపుకోవడం ఎంత కష్టమో అందరికీ తెలిసిందే. పెనం మోగింది. ఈల జారింది. ముందు వరసలో ఒకావిడ చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. ఆవిడ పక్కనున్న పత్రికాయన మాత్రం గంభీరంగా తలాడిస్తూ, “ఇన్నాళ్ళకి స్వచ్ఛమైన ఫ్లిక్‌ని విన్నాం,” అన్నాడు. హాలు మొత్తంలో పగలబడి నవ్వింది ఆర్లో ఒక్కడే. అది మహానుభావుల ఆనందమని మెర్విన్ సరిపెట్టుకున్నాడు.

పాట అయింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మెర్విన్ కళ్ళు తుడుచుకుని పెద్దాయనని వేదిక మీదికి నడిపించుకొచ్చాడు. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది.

“గురువుగారూ, ఫ్లిక్ గారితో కలిసి పనిచేసిన రోజుల గురించి ఒక్క మాట చెప్పండి.”

ఆర్లో మైకు అందుకుని మొహమాటంగా నవ్వాడు.

“ఆ ఫ్లిక్ గారెవరో నేనెప్పుడూ చూళ్ళేదు బాబూ, కార్టూన్ కంపెనీలో నక్క మెట్ల మీంచి దొర్లినప్పుడల్లా పెనాలు వాయించేవాణ్ణి నేను.”