పడవకు చేతి కొలత

"ఆ ఫోన్ ఏదో ఒకరోజు మన కొంప ముంచుతుంది, చూస్తూ ఉండు."

కుట్టు మిషన్ తొక్కుతూనే అంది తల్లి. ఇంకా ఏమీ జరగలేదు. అయినా ఆమె భయం ఆమెది.

"పడవ బొమ్మ వెతుక్కుంటున్నానమ్మా. మునిగితే పడవ మునగాలి గానీ, కొంప ఎందుకు మునుగుతుంది?"

కూతురి నోట వేళాకోళం విని ఎన్నాళ్లయిందో.

మరిగే నూనె కుడిచేతి మీద పడ్డప్పటి నుంచి ఆ పిల్ల ఫలానాది కావాలని అడిగింది లేదు. వేళ్లు సగానికి ముడుచుకుని అలాగే బిగిసిపోయాయి. చూసినవాళ్లు అయ్యో పాపం అంటారని, తల్లే ప్రతి చొక్కాకూ చేతులు పొడుగ్గా పెట్టి కుట్టేది.

అలాంటి పిల్ల, లేజర్ కటింగ్ షాపు అద్దాల వెనక చెక్క పడవను చూసి ఆగిపోయింది.

"ప్లాన్ ఫైలు మీరే తెచ్చుకోండి, ప్లైవుడ్ మీద కోసిస్తాం. అతికించుకోవడం మీ పని," అన్నాడు షాపతను.

ఇక అప్పటి నుంచి వెతుకులాటే. నెట్‌లో దొరికిన ప్లాన్లన్నిటిలో ముక్కలు అగ్గిపుల్లల్లా ఉన్నాయి. ఆ వేళ్ల మధ్య నిలిచేవి కావు. చివరికి చెక్క బొమ్మలు చేసేవాళ్ల గ్రూపులో అడిగితే, పట్టించుకున్నది ఒక్కరే. అక్కడ పెట్టుకున్న పేరు 'ముసలి తెడ్డు'.

"తెడ్డేమిటే? మనిషి పేరు లేదా వాడికి?"

"పేరుతో పనేముందమ్మా, ప్లాన్ గీసిస్తే చాలదా?"

"పేరు దాచినవాడు ఇంకేం దాచాడో."

ఆ మధ్యాహ్నం తల్లి టేపు కోసం వెతికింది. గుడ్డలు కత్తిరించే బల్ల మీద అది లేదు. వెతుక్కుంటూ లోపలి గదిలోకి వెళ్తే, మంచం మీద కూతురి ఫోన్ వెలుగుతూ కనిపించింది.

తెర మీద కూతురి చెయ్యి. చొక్కా మోచేతి దాకా మడిచి, మచ్చలన్నీ బయటపెట్టి తీసిన ఫోటో.

కింద ముసలి తెడ్డు మాటలు: "వేళ్లు ఎంతవరకు వంగుతాయో తెలిసేలా ఇంకో ఫోటో పంపు. ఎవరికీ చూపించను."

పేపర్లో చదివినవీ, టీవీలో చూసినవీ అన్నీ ఒక్కసారే కళ్లముందు తిరిగాయి. గ్రూపు తెరిచి, మైకు గుర్తు మీద వేలు నొక్కిపట్టింది.

"ఆడపిల్లను ఫోటోలడుగుతావా? నీ ఇంట్లో ఆడవాళ్లు లేరా? కాలిన చెయ్యి చూసి మురిసిపోయే రోగమేమిట్రా నీకు?"

గ్రూపు భగ్గుమంది. తలా ఒక మాట వేశారు. కాసేపటికి ముసలి తెడ్డు పేరు గ్రూపులోంచి తప్పుకుంది. ఆ పేరుతో పెట్టిన పడవ ప్లాన్లు కూడా దానితోపాటే మాయమయ్యాయి.

స్నానం చేసి వచ్చిన కూతురు ఫోన్ చూసుకుంది. అరవలేదు, ఏడవలేదు.

"పీడ వదిలింది," అంది తల్లి.

"ఏం అడిగారో చదివావా అమ్మా?"

"చదివాను గనకే."

"ఆ ఫోటోలో చేతి పక్కన ఏముందో చూశావా?"

తల్లి మళ్లీ చూసింది. చేతి పక్కన బారుగా పరిచి ఉన్నది తన టేపే.

"నా వేళ్లకు పట్టు దొరికేలా ముక్కల్ని మార్చి గీస్తానన్నారు. కొలత లేకుండా ఎలా గీస్తారు? కొలత తీసుకోకుండా నువ్వెప్పుడైనా చొక్కా కుట్టావా?"

తల్లి ఫోన్ దించింది. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లను చేతులెత్తమనీ, అటు తిరగమనీ రోజంతా టేపు చుట్టే మనిషి తను. కొలత అడగడమంటే ఏమిటో ఆ వీధిలో తనకంటే తెలిసినవాళ్లు లేరు. తనకే తట్టలేదు.

"ఆ ఫోటో తియ్యడానికి పొద్దుటి నుంచీ ధైర్యం కూడగట్టుకున్నానమ్మా," అని, కూతురు చొక్కా చెయ్యి వేళ్ల చివరి దాకా లాక్కుంది.

ఆ తరువాత పడవ మాట ఎత్తలేదు. లేజర్ షాపు దగ్గరికొచ్చేసరికి రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేది. తల్లి కుట్టు మిషన్ ముందు కూర్చున్నా, సూది ఎక్కడ దిగుతోందో ఆమెకే తెలిసేది కాదు. కూతురి మొహంలోకి చూడాలంటే తలవాలిపోయేది.

చివరికి గ్రూపు నడిపే అతన్ని బతిమాలి, నంబరు సంపాదించి ఫోన్ చేసింది. అవతల ఎత్తారు. హలో అనలేదు.

"అయ్యా, పెట్టెయ్యకండి. నేను ఆ పడవ అడిగిన అమ్మాయి తల్లిని. మిమ్మల్ని అనరాని మాటలన్నాను, నా నోరు పడిపోను. మా పిల్ల ఆ చెయ్యి బయటపెట్టిందే మీ మాట మీద. నేనే మళ్లీ లోపలికి తోసేశాను. నన్ను ఎన్ని తిట్లయినా తిట్టండి, పడతాను. దానికి మాత్రం ఆ పడవ గీసివ్వండి."

అవతల ఊపిరి వినిపిస్తోంది. మాటలు విని కూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తల్లి తల దించుకునే ఉంది. ఫోన్ చెవి దగ్గర వేడెక్కింది. అయినా తియ్యలేదు.

"గీసినవన్నీ చెరిపేశానమ్మా," అంది వయసు మళ్లిన ఒక ఆడగొంతు. "ఎవరి కంటా పడనివ్వకు, దాచుకో, దాచుకో అని నేను నూరిపోస్తే, మా అమ్మాయి పోయేదాకా ఆ కాలిన చేతిని నాకు కూడా చూపించలేదు. చూడకుండా ఉజ్జాయింపుగా తనకోసం గీసిన పడవలో ఒక్క ముక్కా తన వేళ్ల మధ్య నిలవలేదు, అందుకే మీ పాపను కొలత అడిగాను."