బూటు మీద గుర్తు

"కదలకండి, చిన్నపిల్లాడిలా!" అంటూ మా ఆయన పాదం ఒళ్లో పెట్టుకున్నాను. పెళ్లయి నెల. వాచిన పాదమైనా సరే, నాకు సంబరమే.

"ప్రపంచ పోటీల్లో మొగుడు కుంటుతుంటే మురిసిపోతోంది చూడండి," అన్నారాయన.

జట్టు డాక్టర్ నవ్వి, బూటు తొడిగి, దాని మీదుగా చీలమండకు కట్టు బిగించాడు. "ఇది ఉంటే ఎలాగో పరుగెత్తుతావు. లేకపోతే ఇదే నీ ఆఖరి పరుగు."

ఇంతలో జట్టు మేనేజర్ వచ్చాడు. "ఇదేంటి? బూటు మీద కంపెనీ గుర్తు మూసుకుపోయింది. కట్టు తీసెయ్యండి."

"కాలు పోతుందండీ!" అన్నాను.

"దేశం కోసం తల్లీ. ఆ మాత్రం ఓర్చుకోడా?"

"ఆ గుర్తు దేశానిదా?"

"ఆ కంపెనీవాళ్ల డబ్బు లేకపోతే జెండా పట్టుకుని ఇంట్లో కూర్చోవాలమ్మా. కానివ్వండి డాక్టరుగారూ."

డాక్టర్ తల దించుకుని కత్తెర తీశాడు. కట్టు ఊడింది. గుర్తు తళతళలాడింది.

ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "దేశం కోసమేగా?" అన్నారు మెల్లగా.

బయట స్టేడియమంతా దేశం పేరుతో హోరెత్తిపోతోంది. పొద్దున వాళ్లతో కలిసి గొంతు పోయేలా అరిచినదాన్నే. ఇప్పుడు ఆయనకు అవునని చెప్పడానికి నోరు రాలేదు.