మూడు రబ్బరు కాళ్ళు

“కాళ్ళు కావాలి.”

హార్డ్‌వేర్ షావుకారు కౌంటరు మీంచి వంగి, వచ్చినాయన కాళ్ళకేసి చూశాడు.

“ఉన్నవి బాగానే ఉన్నాయిగా పెద్దాయనా!”

ఆయన నవ్వలేదు. చంకలోని చెక్కపెట్టెను కౌంటరు మీద బోర్లించాడు. ఇంట్లో చేసిన గిటారు యాంప్లిఫయరు. స్పీకరుంది, పైన పిడి ఉంది. అడుగున మాత్రం కాళ్ళకోసం పెన్సిలుతో పెట్టిన నాలుగు ఇంటూ గుర్తులే ఉన్నాయి.

జేబులోంచి ఒక రబ్బరు కాలు తీశాడు.

“ఇలాంటివే ఇంకో మూడు ఇవ్వండి.”

షావుకారు దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. తన సరుకే. లోపల ఇనుప బిళ్ళ పొదిగిన రకం ఈ వీధిలో అమ్మేది తనొక్కడే. సరుకునైతే కళ్ళు మూసుకుని గుర్తుపడతాడు. కొన్నవాళ్ళ మొహాలే బుర్రలో నిలవవు. నిలిపి ఉంచుకుంటే ఒరిగేదేముంది?

“ఇవి అయిపోయాయి. ప్లాస్టిక్‌వి పట్టుకుపో. అడుగునుండేవి ఎవడు చూడొచ్చాడు?”

“ప్లాస్టిక్ అయితే వాయిస్తున్నప్పుడు పెట్టె వణికి వణికి బల్ల మీంచి దూకేస్తుందట. మావాడు చెప్పేవాడు.”

“అంత తెలిసినవాడు తనే రావచ్చుగా?”

“వచ్చాడు. ఇదొక్కటే మిగిలింది.”

“మూడు పారేసుకుని నిన్ను తోలాడన్నమాట! బాగుంది.”

ఆయన జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

“స్క్రూ పొట్టిది ఇవ్వండి. పలక దాటితే లోపల వైరుకు గుచ్చుకుంటుంది.”

ఒక గుర్తు మీద కౌంటరు మీది మొనదేలిన ఆరతో చిన్న బెజ్జం చేసి, ఆ ఒక్క కాలూ బిగించాడు. రబ్బరు కాస్త నొక్కుకోగానే చెయ్యి ఆపాడు. పనితనం తెలిసిన చెయ్యి అనుకున్నాడు షావుకారు.

“పది రోజుల కింద ఈ గుమ్మంలో ఒక కుర్రాణ్ణి పొడిచారట.” ఆయన తలెత్తలేదు. “కేసు నిలవాలంటే చూసినవాళ్ళు ఒక్కరు చెబితే చాలట. మీరు చూశారా?”

“షట్టరు దించేశాను. ఏమీ చూళ్ళేదు. పోలీసులకీ అదే చెప్పాను.”

కత్తి ఎవడి చేతిలో ఉందో చూశాకే దించాడు. బయటినుంచి ఎవడో “అన్నా, ఎత్తన్నా” అంటూ గుద్దాడు. కాసేపటికి గుద్దడం ఆగిపోయింది. అంతా వెళ్ళాక గుమ్మం మీద దూరంనుంచే నాలుగు బకెట్ల నీళ్ళు కొట్టాడు. అప్పట్నుంచీ షట్టరు కుడిమూల నేలకు ఆనడం లేదు. రెండు వేళ్ళ సందు. అక్కడ వంగి చూడ్డానికి మనసొప్పక వదిలేశాడు.

బయట రెండు బైకులు ఆగాయి. నలుగురు దిగారు. ముందున్నవాణ్ణి వీధంతా గునపం అంటుంది.

“ఏం షావుకారూ! మా తమ్ముణ్ణి పొద్దున్నే లోపలేశారు. ఎవడో నోరు విప్పాడు. గుమ్మం నీది. నోరూ నీదేనా?”

“నా బిడ్డల మీద ఒట్టు, నేను కాదన్నా!”

గునపం కౌంటరు మీది కొత్త సుత్తి తీసి షావుకారు వేళ్ళ మీద దించాడు. గోరు ఊడి పక్కకు పడింది.

“ఇంకో చెయ్యి పెట్టు.”

ఆ ఒక్క క్షణంలో షావుకారు తూకం వేసేశాడు. ఒక పళ్ళెంలో తన ప్రాణం, కొట్టు, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. ఇంకో పళ్ళెంలో ఊరూ పేరూ తెలియని ఓ మనిషి. ముల్లు ఎటు మొగ్గుతుందో చిన్నపిల్లాడైనా చెబుతాడు.

“ఈయనన్నా! ఆ రోజు ఇక్కడే ఉన్నాడు. ఈయనే చెప్పుంటాడు!”

నలుగురూ తిరిగారు.

ఆయన షావుకారు వైపు నిదానంగా చూశాడు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, పెట్టెను చంకనెత్తుకున్నాడు.

“అవును. పేరు చెప్పింది నేనే. ఈయనకేం తెలీదు.”

గుమ్మం దాటుతూ మెల్లగా అన్నాడు:

“మీరు షట్టరు దించుకోండి.”

షావుకారు దించాడు.

చెక్క విరిగిన చప్పుడు, ఎముక విరిగిన చప్పుడు వేరువేరుగా తెలిశాయి. సరుకు తెలిసినవాడు కదా. కుడిమూల సందులోంచి నెత్తురు సన్నగా లోపలికి పాకింది.

ఈసారి షట్టరు మీద ఎవరూ గుద్దలేదు.

పోలీసులు వచ్చి ఎత్తమన్నాక ఎత్తాడు. అప్పటికే గుడ్డ మొహందాకా కప్పేశారు. పక్కన పెట్టె రెండుగా చీలి ఉంది. బిగించిన ఆ ఒక్క కాలు మాత్రం కదల్లేదు.

ఇన్‌స్పెక్టరు కాగితం మీంచి తలెత్తకుండానే అడిగాడు.

“షట్టరు దించేశావు. ఏమీ చూళ్ళేదు. అంతేగా?”

షావుకారు నేలకేసి చూశాడు. నెత్తురు కుడిమూలకు పోయి, షట్టరు జారే గాడి దగ్గర ఏదో అడ్డుపడి మడుగు కట్టింది. పది రోజుల్లో మొదటిసారి అక్కడ వంగాడు. నలగని చేత్తో గాడిలో తడిమాడు.

నల్లటి రబ్బరు కాలు ఒకటి వచ్చింది. లోపల ఇనుప బిళ్ళ.

ఇంకొకటి.

ఇంకొకటి.

మూడింటినీ తీసుకెళ్ళి చీలిన పెట్టె మీద, నాలుగోదాని పక్కన పెట్టాడు. ఒకే అచ్చు.

“చూశాను సార్. రెండుసార్లూ చూశాను. రాసుకోండి.”

ఇన్‌స్పెక్టరు కలం ఆగింది.

“ముందు ఇది చెప్పు. ఈ చనిపోయినాయన ఎవరు?”

“పేరు తెలీదు సార్,” అన్నాడు షావుకారు. “ఆ రోజు నా షట్టరు గుద్దిన కుర్రాడి నాన్న.”