ఎర్రతాడు పెట్టెలు

“పీకల్లోతు నీళ్ళు, మేస్త్రీ. ఈ బరువు నెత్తిన పెట్టుకుని దిగితే అవతలి ఒడ్డుకి నేను చేరను, నా తలగుడ్డ చేరుతుంది” అంది టవియా, తుపాకిమందు పెట్టె మీద కూర్చుని కాళ్ళు చాపుకుంటూ.

కూలీల మేస్త్రి ఎగ్యిర్ ఏటివంక చూశాడు. ఆమెవంక చూశాడు. సముద్రతీరంలో బయల్దేరిన దగ్గర్నుంచి ఆమెతో వేగలేక అతని ప్రాణం విసిగిపోయింది. ఓ రోజు కాలు బెణికిందనేది, ఓ రోజు మెడ పట్టిందనేది. తేలికపాటి పెట్టె దొరికితే తప్ప లేచేది కాదు. పంపించేయాలని రోజూ అనుకునేవాడు. సాయంత్రమయ్యేసరికి ఆమె ఎండుచేపలు వేసి పామాయిల్ పులుసు కాచి, ముందుగా అతనికే పోసేది. పెళ్ళాం పోయిన మగవాడు. పులుసుతోపాటు కోపం కూడా కడుపులోకి దిగిపోయేది.

పశ్చిమ ఆఫ్రికా అడవుల్లో అసాంటే రాజ్యం మీదికి దండెత్తి వచ్చిన జనరల్ బ్రాంబుల్ దొర ఏర్పాటు ఒకటుంది. ఎర్రతాడు కట్టినవి తుపాకిమందు పెట్టెలు. అవి సైన్యంతో ముందుగా ఏరు దాటాలి. తెల్లతాడు కట్టినవి దొరగారి వంటపెట్టెలు. అవి మర్నాడు వస్తాయి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. నట్టడవిలో కూడా బల్ల మీద గుడ్డ పరిచి, గాజుగ్లాసులు పెడితే గానీ ఆ దొరకి ముద్ద దిగదు.

తాళ్ళు మార్చి కడదామంది టవియా. ఇవాళ తేలికపాటి వంటపెట్టెలు దాటిద్దాం, నీళ్ళు తీశాక బరువువి దాటిద్దాం, శత్రువు ఇంకా చాలా దూరంలో ఉన్నాడని దొరే అన్నాడు కదా అంది. దొరకి తెలిస్తే తోలు ఒలుస్తాడన్నాడు ఎగ్యిర్.

“తాడు విప్పి చూసేదెవరు? సరే, నేను మునిగిపోతాను. రేపట్నుంచి నీకు పులుసెవరు పోస్తారో చూసుకో.”

ఎగ్యిర్ అటు తిరిగి నిలబడ్డాడు. మిగతా కూలి ఆడవాళ్ళు కూడా సంబరంగా చెయ్యి వేశారు. అతను ఇటు తిరిగేసరికి పని అయిపోయింది. పొద్దుగూకేలోగా సైన్యం, ఎర్రతాడు పెట్టెలు ఏరు దాటాయి.

ఆ రాత్రి వానకి ఏరు పొంగింది. తెల్లారేసరికి చుట్టూ డప్పులు మోగాయి. దూరాన ఉన్నాడనుకున్న శత్రువు పొదల వెనకే ఉన్నాడు. జనరల్ తొణకలేదు. సిపాయిల సంచుల్లో ఉన్న మందు అయిపోగానే ఎర్రతాడు పెట్టెలు పగలగొట్టమన్నాడు. మొదటిదాంట్లో బిస్కెట్లు. రెండోదాంట్లో ఆవపిండి సీసాలు. మూడోదాంట్లో ఎండుగడ్డి మధ్య గాజుగ్లాసులు. ఆయన ఒక గ్లాసు తీసి చూసి, అది తనదేనని గుర్తుపట్టాడు. అసలు మందు పెట్టెలేమో తెల్లతాళ్ళతో, నిన్న వదిలొచ్చిన ఒడ్డునే క్షేమంగా ఉన్నాయి. వంటవాడు వాటి మీదే కూర్చుని పొయ్యి రాజేసుకుంటున్నాడు.

జనరల్ గ్లాసుని జాగ్రత్తగా మళ్ళీ గడ్డిలో పెట్టి, కత్తి దూశాడు. సైన్యమంతా వెనక్కి పరిగెత్తుతుంటే ఆయన ఒక్కడే ముందుకి నడిచాడు. ఎక్కువ దూరం వెళ్ళలేదు.

ఎగ్యిర్ టవియా చెయ్యి పట్టుకుని అడవిలోకి పరుగు లంకించుకున్నాడు. కాసేపటికి కాళ్ళు సహకరించక ఓ మోడు మీద కూలబడి ఏడ్చాడు.

“ఆ ముసలి దొరని చంపింది నేనే. పులుసుకి ఆశపడి చంపాను.”

టవియా అతన్ని లేపి, బెణికిన కాలు మాటే ఎత్తకుండా తనే ముందు నడిచింది. ప్రాణభయం ఎంతటివాళ్ళనైనా నడిపిస్తుందనుకున్నాడు ఎగ్యిర్.

మలుపు తిరిగేసరికి అసాంటే సిపాయిలు చుట్టుముట్టారు. తాయెత్తులు కుట్టిన చొక్కా తొడుక్కున్న వాళ్ళ దళపతి తుపాకి ఎత్తాడు. ఎగ్యిర్ టవియాని వెనక్కి లాగి, తను అడ్డం నిలబడ్డాడు.

“నన్నేం చేసినా సరే అయ్యా, ఈవిడ జోలికి మాత్రం రావద్దు. ఈవిడ నా భార్య.”

ఆ అబద్ధం ఇంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని అతనే అనుకోలేదు. దళపతి తుపాకి దించి, ఎగ్యిర్ భుజం మీదుగా వెనక్కి చూశాడు.

“పెట్టెలు మార్చి రమ్మంటే, మొగుణ్ణి కూడా తెచ్చుకున్నావేంటక్కా?”