ఎడమవైపు బ్రేకు

"ఇది డ్రైవింగ్ స్కూల్ కారండీ!" అని రామమోహనరావు తేల్చేశాడు. "నడిపేవాడికో బ్రేకు, పక్కనవాడికో బ్రేకు. ఇంకేం సాక్ష్యం కావాలి?"

"కాదు సార్" అంది సంధ్యారాణి. యాభై ఏళ్లు దాటిన కారు మళ్లీ కొత్త నంబరుతో రోడ్డెక్కాలంటే, పాతకార్ల కమిటీ తరఫున తనిఖీకి వచ్చిన ఈయన సంతకం కావాలి. అది సొంత వాడకపు బండేనని ఈయనకు నమ్మకం కుదరాలి. కుదరకపోతే తండ్రి గోపయ్య ప్రాణంలా చూసుకున్న ఫియట్ తుక్కు కిందికి పోతుంది.

మీర్‌పేట్ రోడ్డులో మెకానిక్ జంగయ్య షెడ్డు అది. పొద్దుటినుంచీ రామమోహనరావు కారు చుట్టూ తిరుగుతూ, కంపెనీ బిగించనివి ఒక్కొక్కటే పట్టుకుంటున్నాడు. పెళ్లిచూపుల్లో పిల్ల జడ లాగి చూసే మేనత్త కూడా అంత పట్టుగా చూడదు.

"పైన ఈ ఇనుప చట్రమేంటమ్మా?"

"బత్తాయి గంపలకు సార్. నల్లగొండ దిక్కు మాకు తోట ఉండె. ఊరికి పోయినప్పుడల్లా గంపలు నింపుకొచ్చి కొత్తపేటల వాడంత పంచెటోడు మా నాయన."

"హారన్ లారీదిలా ఉందే?"

"లారీదే సార్. ఎల్బీ నగర్ చౌరస్తాల బస్సులోళ్లు ఉత్తగనే జరుగుతరా?"

రామమోహనరావు నవ్వాడు. "సరే, ఇవన్నీ మోజులు. విప్పేస్తే పోతాయి. రెండో బ్రేకు మాత్రం మోజుకి పెట్టుకునేది కాదు."

"అది మా అమ్మకోసం సార్. నాకు ఏడేండ్లున్నప్పుడు చౌటుప్పల్ కాడ కారు కాలువల పడ్డది. ఎవ్వలకేం గాలె గని, ఏడాది దాంక కారు బైటికి తియ్యలె. మా నాయన బస్సులల్లనే తిరిగిండు. అమ్మకు భయం పట్టుకున్నదని, ఆమె దిక్కు గూడ బ్రేకు పెట్టిచ్చిండని చుట్టాలందరంటరు."

చెబుతుంటే సంధ్యారాణికి ఆ రోజులన్నీ కళ్లముందు కదిలాయి. తాళం తిప్పేముందు తండ్రి ప్రతిసారీ పక్కకు చూసి "కాలు పెట్టినవా?" అని అడిగేవాడు. "పెట్టిన, నువ్వు పోనియ్యి" అనేది తల్లి. ఆ జవాబు వినకుండా కారు ఒక్కనాడూ గేటు దాటలేదు. తండ్రి అమ్మను ఆటపట్టిస్తున్నాడని వెనక సీట్లో పిల్లలు కిసుక్కున నవ్వేవారు. ఆయన పోయి మూడేళ్లయింది. ఇప్పటికీ బత్తాయి వాసన తగిలితే చాలు, ఆమెకు ఆ రెండు మాటలే వినిపిస్తాయి.

"కథ బాగుందమ్మా. కానీ కమిటీకి కథలు రాసి పంపలేను కదా" అన్నాడు రామమోహనరావు.

తల్లి యాదలక్ష్మి ఇవేవీ పట్టనట్టు కారు ముందు సీట్లో కూర్చుని బత్తాయి వలుస్తోంది. డెబ్బై దాటినా ఎక్కడ కూర్చున్నా బాసింపట్టు వేసుకోవడమే ఆమె అలవాటు. ఆ సీట్లో కూడా ఎప్పుడూ అంతే.

ఈలోగా కారు కిందికి దూరిన జంగయ్య చేతులు తుడుచుకుంటూ లేచాడు. సంధ్యారాణిని పాత టైర్ల కుప్ప దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు.

"అక్కా, గా పెడలుకు కింద ఏం లేదు. కడ్డీ లేదు, తీగ లేదు. ఉత్త పెడలే! దాని రబ్బరు గూడ అరగలె. మా నాయన చేసిన పనే, ఆయన వెల్డింగ్ నాకెర్కే."

సంధ్యారాణికి ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్లు తడిశాయి. పెళ్లాం భయం పోగొట్టడానికి ఎంత పని చేశాడీ తండ్రి! ముప్పై ఏళ్లు ఆ ఉత్త పెడలునే నమ్ముకుని అమ్మ పక్కన కూర్చుంది.

"సారుకు చూపిస్తే అయిపాయె. ఉత్త పెడలుతోని డ్రైవింగ్ ఎట్ల నేర్పుతరు? ఇప్పుడే సంతకం పెడ్తడు" అన్నాడు జంగయ్య.

"వద్దు తమ్మీ, చెప్పకు."

"గట్లయితే కారు తుక్కే అక్కా."

"పోతే పోనియ్యి. నాయన గిన్నేండ్లు ఉత్త బ్రేకుతోని నమ్మిచ్చిండని తెలిస్తే అమ్మ తట్టుకుంటదా? ఆయన గూడ లేకపాయె, అడుగుదామంటె."

రామమోహనరావు పెన్ను తీశాడు. "మరి కుదరదని రాసెయ్యనా అమ్మా?"

సంధ్యారాణి తండ్రి రోజూ తుడిచిన బానెట్ మీద చెయ్యి వేసింది. "రాయండి సార్" అంది.

యాదలక్ష్మి తొక్కలు కొంగులో వేసుకుని కారు దిగింది.

"ఆగు సారూ. ఏం జంగయ్యా, కిందికి పోయి చూసినవ్ గద, దానికి కడ్డీ లేదని సారుకు చెప్పవేందిరా?"

రామమోహనరావు ఫోను లైటు వేసుకుని వంగి చూశాడు. చేత్తో పెడలు నొక్కాడు, మళ్లీ వంగాడు. నవ్వుకుంటూ లేచి, "ఇది బ్రేకే కాదండీ!" అని అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు.

సంధ్యారాణి తల్లి చేయి పట్టుకుంది. "నీకు ఎర్కేనా అమ్మా? నీ భయం పోవాల్నని నాయన గిట్ల చేసిండని ఎన్నడు తెలిసింది?"

యాదలక్ష్మి కొంగుతో పెడలు మీది దుమ్ము తుడిచింది.

"పెట్టిచ్చింది నేనే బిడ్డా, మీ నాయన భయం పోవాల్నని."