ఆరు బ్యాటరీలు

బండి సీటు కింద తల దూర్చి ఉన్న ఆడమనిషిని చూసి ఎలక్ట్రీషియన్ షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఇంకా ఆరు కాలేదు. ఆసుపత్రి గేటు పక్కనున్న రేకుల షెడ్డులో, రాత్రంతా చార్జింగు పెట్టిన బ్యాటరీ బండి సీటు పైకెత్తి ఉంది. ఆవిడ చేతిలో సీసా.

"ఏయ్, ఏం చేస్తున్నావక్కడ?"

ఆవిడ తొణకలేదు. ఆఖరి బ్యాటరీ మూత బిగించాకే తలెత్తింది. అరవై దాటిన మనిషి, తల మీద ముసుగు.

"నీళ్లు ప్లేట్ల దాకా దిగాయి నాయనా. కాస్త పోశాను."

"ఎవరు పొయ్యమన్నారు?"

"ఎవరూ అనలేదు. ఇవి డిస్టిల్డ్ నీళ్లే. మా బ్యాటరీ కొట్లో పాతికేళ్లు ఈ పనే..."

"పోసేది కుళాయి నీళ్లు, పైగా కబుర్లొకటి." అతను సీసా లాక్కున్నాడు. "వారం నుంచి బండి ఎత్తెక్కలేక ఎందుకు మూలుగుతోందా అనుకుంటున్నా. ఇదన్నమాట సంగతి."

ఆ బండి గోల్ఫ్ మైదానాల్లో తిరిగే రకం. ఏదో క్లబ్బువాళ్లు వాడి వదిలేస్తే ఆసుపత్రికి వచ్చింది. గేటు నుంచి డయాలసిస్ బ్లాకు దాకా అర కిలోమీటరు ఎత్తు. నడవలేని రోగులకు అదొక్కటే ఆధారం.

బ్యాటరీల్లో వారం వారం నీళ్లు చూడటం ఎలక్ట్రీషియన్ పని. మొదట్లో ఒకటి రెండేళ్లు చూసేవాడు. బండి ఎన్నడూ మొరాయించకపోయేసరికి చూడటం మానేశాడు. 'చూశాను' అని రిజిస్టరులో సంతకం పెట్టడం మాత్రం మానలేదు. సీటు ఎత్తి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తు లేదు. బండి నీరసించిందని నిన్ననే సూపరింటెండెంటు చివాట్లు పెట్టాడు.

గొడవకు నలుగురు పోగయ్యారు. ఎక్కడ తన గుట్టు బయటపడుతుందోనని అతను గొంతు ఇంకా పెంచాడు.

"రోగుల బండి పాడుచేయడానికి సిగ్గు లేదూ? మళ్లీ ఈ గడప తొక్కావంటే పోలీసులకి అప్పజెప్తా."

ఆవిడ చుట్టూ ఉన్న ముఖాలు చూసింది. చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది.

ఎలక్ట్రీషియన్ ఆ పూటే ఈ సంగతి సూపరింటెండెంటు చెవిన వేశాడు. "ఎవరో మతిలేని ఆవిడండీ. కుళాయి నీళ్లు పోసి బ్యాటరీలు నాశనం చేసింది."

మూడు నెలలు తిరిగేసరికి బండి సగం ఎత్తులో చతికిలబడింది. ఎక్కినవాళ్లను కుర్చీల్లో మోసుకుపోవలసి వచ్చింది.

కొత్త బ్యాటరీలు వేసుకుని బజారు నుంచి ఒక బ్యాటరీ కొట్టాయన వచ్చాడు. ఏ తీగ ఎక్కడిదో సుద్దముక్కతో గుర్తులు పెట్టి, అన్నీ విప్పాడు. పాతవి ఆరూ, అతనూ ఎలక్ట్రీషియనూ చెరో పక్క పట్టి ఒక్కొక్కటిగా కిందికి దించారు. నడుములు పడిపోయాయి.

"ఎవరో ఆవిడ కుళాయి నీళ్లు పోసిందట," అన్నాడు సూపరింటెండెంటు, పక్కనే నిలబడి.

కొట్టాయన మూతలు తీసి టార్చి వేసి చూశాడు.

"అబద్ధమండీ. కుళాయి నీళ్లయితే ఏడాదికే చచ్చేవి. ఇవి ఏడేళ్లవి. ఈ రకం నాలుగేళ్లు వస్తే గొప్ప. బిగింపుల దగ్గర చూడండి, పాత చిలుము ఒక్కచోటైనా ఉందా? చంటిపిల్లలకి పాలు పట్టినట్టు పట్టారెవరో. ఈమధ్యే, రెండు మూడు నెలలుగా చుక్క నీళ్లు లేక మాడిపోయాయి."

సూపరింటెండెంటు ఆ చివరి మాట పట్టించుకోలేదు. ఎలక్ట్రీషియన్ భుజం తట్టాడు.

"ఏడేళ్లు లాగించావటయ్యా. అప్పుడు అనవసరంగా కేకలేశాను."

నేను కాదండీ అనాలి. రెండంటే రెండు మాటలు. ఎలక్ట్రీషియన్ తల వంచుకుని నట్లు ఏరుకున్నాడు. అది చూసి సూపరింటెండెంటు, "మనవాడికి అణకువ కూడా ఎక్కువే," అన్నాడు.

ఆ మాటతో అతనికి నేల చీలితే బాగుండుననిపించింది.

కొత్తవి బిగించడం పూర్తవగానే, చేతులైనా కడుక్కోకుండా బండి తీసుకుని డయాలసిస్ బ్లాకుకు పోయాడు. పొద్దుటి పూట ఆవిడ గేటు దగ్గర రోగులను చెయ్యి పట్టి బండి ఎక్కిస్తుండగా చాలాసార్లు చూశాడు. ఎవరికో తోడు వస్తుందనుకునేవాడు. కాళ్లు పట్టుకునైనా సరే, క్షమించమని అడగాలి. ఆవిడ తాలూకు రోగిని ఇక తనే గేటు నుంచి తీసుకురావాలి.

"సిస్టర్, తలకి ముసుగేసుకుని ఒక పెద్దావిడ వచ్చేది. అందర్నీ బండి ఎక్కించేది."

నర్సు కాగితాల మీంచి తలెత్తింది.

"బ్యాటరీల పెద్దమ్మా? పోయి నెలవుతోందన్నా."

అతను బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఆవిడ ఎవరికి తోడొచ్చేదో చెప్పు సిస్టర్. కనీసం వాళ్లనైనా కలుస్తాను. నేనొక మాట అన్నాను ఆవిణ్ణి."

నర్సు అతనికేసి వింతగా చూసింది.

"తోడేంటన్నా, రోగి ఆవిడే. పాత బ్యాటరీలు ఆరుగురిని లాగలేవని, మిగతా ఐదుగురినీ ఎక్కించేసి, ఐదేళ్లపాటు రోజు విడిచి రోజు, దారిలో మూడుచోట్ల కూర్చుంటూ ఆ ఎత్తంతా నడిచే వచ్చేది."