తొండం మీద పందెం

వినాయకుడి తొండం సగం లేచి నిలబడిపోయింది. ఎడమ కన్ను తొండం చాటున పడి, దేవుడు ముక్కు చీదుకుంటున్నట్టు ఉన్నాడు. స్విచ్ ఎన్నిసార్లు నొక్కినా తొండం లేవదు, దిగదు.

టైము పదీ ఇరవై. పదకొండింటికి చవితి పందిళ్ల పోటీ జడ్జీలు వస్తారు.

"ఎవడో బాక్సు లేపేశాడు," అన్నాడు వరాహనరసింహం, విగ్రహం వెనక ఖాళీ చెక్కపలక చూస్తూ. ఆయన గుబురు మీసం వణికింది.

వణకదూ మరి. రిటైర్డ్ స్టేషన్ మాస్టర్ అయిన వరాహనరసింహం ఇప్పుడు ట్రాఫిక్ కాలనీ చవితి కమిటీకి ప్రెసిడెంటు. నిన్న సాయంత్రం పక్క కాలనీ ప్రెసిడెంటు విఘ్నేశ్వర్‌ని పిలిచి మరీ మైకులో పందెం కాశాడు. జడ్జీల ముందు తొండం లేచి లడ్డూ అందుకోకపోతే తన మీసం గీయించుకుంటానన్నాడు. ముప్ఫై ఆరేళ్ల మీసం. విఘ్నేశ్వర్ పొద్దున్నే గోల్‌బజార్ సెలూన్ అతన్ని వెంటబెట్టుకొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

"అసలు ఆ బాక్సు ఏం చేస్తుందమ్మా?" అని అడిగాడు వరాహనరసింహం.

ఆ యంత్రమంతా తయారుచేసింది స్కూల్లో ఫిజిక్స్ చెప్పే శ్రీలేఖ. "అది బ్రిడ్జి అంకుల్. కంట్రోల్ బోర్డు మైక్ టెంట్‌లో ఉంది, మోటార్లు విగ్రహంలో ఉన్నాయి. వాటి మాటలు గుసగుసల్లాంటివి, నాలుగు మూరలు దాటితే వినపడవు. అందుకని టెంట్‌లో ఒక బాక్సు, ఇక్కడొక బాక్సు పెట్టాం. ఆ బాక్సు గుసగుసను గట్టిగా చేసి ముప్ఫై మీటర్ల తీగ మీద పంపుతుంది. ఈ బాక్సు దాన్ని మళ్లీ గుసగుస చేసి మోటార్లకు చెప్తుంది."

"ఒకటేగా పోయింది. ఇంకోటి ఉందిగా."

"ఒకటే ఉండి ఏం లాభం? ఫోన్లో అవతల మనిషి లేనట్టే."

"అంటే దొంగకీ లాభం లేదు." వరాహనరసింహం కళ్లు చిన్నవయ్యాయి. "వాడు బాక్సు కోసం రాలేదు. నా మీసం కోసం వచ్చాడు."

మైక్ సెట్ అద్దెకిచ్చిన బెంగాలీ దాదా ఏదో కాగితం ముందుకు చాపాడు. వరాహనరసింహం పొద్దుట్నించీ వచ్చిన ప్రతి కాగితానికీ చేసినట్టే, చదవకుండా, మాట ఆపకుండానే దానిమీద సంతకం గీకేసి, పలక మీదికి వంగాడు. నాలుగు మరలు తమలపాకు మీద వరసగా పేర్చి ఉన్నాయి. తీగల కొసలకు వేటికవే టేపు చుట్టి ఉంది.

"చేయి తిరిగినవాడు. రైల్వేవాడు. అందులోనూ సిగ్నల్ వాడు."

అందరికీ ఒకే పేరు గుర్తొచ్చింది. దేముడు. రిటైర్డ్ సిగ్నల్ ఫిట్టర్. ఈ తీగ లాగింది అతనే. బ్యానర్ మీద తన పేరు వేయలేదని నాలుగు రోజులుగా ప్రెసిడెంటుతో మాట్లాడటం లేదు.

ఫోన్ చేస్తే దేముడి భార్య జోగమ్మ ఎత్తింది.

"ఏటి బాబూ? ఆయన ఫోను పొయ్యికాడ వొగ్గేసి ఎల్పోనాడు. సంచీ అట్టుకుని సైకిలెక్కినాడు. ప్రేమ్ బజార్ అన్నాడు."

"ఎప్పుడొస్తాడు?"

"లడ్డూలు పంచేయేలకి వొచ్చేత్తాడు. దానికి మాత్రం లేటు సెయ్యడు."

పదకొండింటికి జడ్జీలు వచ్చారు. ముగ్గురూ తొండం కింద తలలెత్తి రెండు నిమిషాలు నిలబడ్డారు. లడ్డూ మీద చీమ ఒకటి ఎక్కింది. పోటీలో కదిలింది అదొక్కటే. వాళ్లు ఏదో రాసుకుని వెళ్లిపోయారు.

విఘ్నేశ్వర్ లేచి కుర్చీ స్టేజీ మధ్యకు జరిపాడు. "రండి మాస్టారూ. ఇతనికి మజ్జానం మళ్లీ షాపు తియ్యాలి."

వరాహనరసింహం మైకు లాక్కున్నాడు. "ఆగు. దేముడు వట్టి చెయ్యి. వెనక ఒక బుర్ర ఉంది." ఆయన చూపు విఘ్నేశ్వర్ మీదే ఉంది. "ఈ పని చేయించినవాడెవడో తేలాలి. ఈ కుర్చీలో వాణ్ణి కూర్చోబెట్టి గీద్దాం."

"ఎవరైనా సరేనా?"

"ఎవడైనా సరే. ఈ దేవుడి మీద ఒట్టు."

"ఠీక్ హై," అన్నాడు విఘ్నేశ్వర్. సెలూన్ అతను సబ్బు నురగ కలపడం మొదలుపెట్టాడు.

పదకొండుంబావుకి సైకిల్ బెల్లు మోగింది. దేముడు తాపీగా దిగి, సంచీలోంచి బాక్సు తీశాడు.

"ఏడింటికి స్విచ్ నొక్కి సూసినాను. తొండం మద్దిలో ఇరుక్కుపోనాది. ఇప్పి సూస్తే లోపల టంకం ఒదిలేసినాది. ప్రేమ్ బజార్‌లో ఆ కొట్టువోడు పదింటికి గానీ తియ్యలేదు. అతికించుకుని, టీ తాగి వొచ్చినాను. నాకింకా ముప్పావుగంట టైముంది."

"నీకు టైము ఎవడిచ్చాడురా?"

దేముడి మొహం మాడిపోయింది. "ముప్పైనాలుగేళ్లు సిగ్నల్లో సేసినాను. డిస్‌కనెక్షన్ మెమో నేకుండా ఏనాడైనా తీగ ముట్టుకున్నానా? మాటలు నేకపోతే నేకపోనాయి. కాయితం కాయితమే."

ఆ మాట అక్కడ చాలామందికి అర్థమైంది. లైను మీద ఏ సామాను విప్పాలన్నా ముందు కాగితం ఇవ్వాలి. ఎంతసేపో రాసి, పైవాడితో సంతకం పెట్టించుకోవాలి. దేముడు జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు.

వరాహనరసింహం మొహం వెలిగింది. "దొరికాడు. చేయించినవాడి సంతకం ఇందులో ఉంది. శ్రీలేఖా, మైకులో చదవమ్మా. ట్రాఫిక్ కాలనీ అంతా వినాలి."

శ్రీలేఖ కాగితం విప్పింది.

"'ఉదయం ఏడూ పది. వినాయకుడి వెనక వైపు బ్రిడ్జి బాక్సు ఒకటి విప్పుటకు పన్నెండు గంటల వరకు అనుమతి కోరుతున్నాను. ఇట్లు, దేముడు.' కింద 'అనుమతి ఇచ్చినవారు' అని..."

కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని సంతకం మళ్లీ చూసింది.

"ఆగుతావేం? ఎవడైతే నాకేం. చదువు."

శ్రీలేఖ ఒకసారి ఆయన మీసం వైపు జాలిగా చూసి, మైకు దగ్గరకు లాక్కుంది.

"వరాహనరసింహం, స్టేషన్ మాస్టర్."